మెడ పూసల అరుగుదల: నొప్పి కంటే చేతుల తడబాటే అసలు హెచ్చరిక

మెడ నొప్పితో ఆసుపత్రికి వెళ్లిన నడివయసు వ్యక్తికి ఎక్స్‌రే తీస్తే, నివేదికలో ‘అరుగుదల’ అన్న మాట లేకుండా ఉండటం అరుదు. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. మంచం మీది తలగడ మాయమవుతుంది, మెడకు పట్టీ చేరుతుంది, బిందె ఎత్తడం కూడా నిషిద్ధమవుతుంది. మరో ఇంట్లో, ఏనాడూ మెడ నొప్పి అనని పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతుంటాడు. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియదు. వయసు మీద పడిందని ఇంట్లో అందరూ సరిపెట్టుకుంటారు. ఈ ఇద్దరిలో ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవవలసినది రెండో వ్యక్తి.

మెడ భాగంలోని వెన్నుపూసలు, వాటి మధ్యనున్న డిస్కులు, కీళ్లు వయసుతోపాటు క్షీణించడాన్ని వైద్య పరిభాషలో సర్వైకల్ స్పాండిలోసిస్ అంటారు. జుట్టు నెరవడం, చర్మం ముడతలు పడటం ఎలాంటివో ఇదీ అలాంటి మార్పే. 60 ఏళ్లు దాటినవారిలో 85 శాతానికి పైగా జనంలో ఇది ఏదో ఒక మేరకు ఉంటుందని అమెరికా ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీ చెబుతోంది. అంతమందిలో ఉన్నదాన్ని జబ్బు అనవచ్చా అన్న సందేహం సహజం. అత్యధికుల విషయంలో అనలేం. కొద్దిమందిలో మాత్రం ఇదే అరుగుదల వెన్నుపామును నలిపి, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పే స్థితికి చేరుస్తుంది. ఆ కొద్దిమందిని సకాలంలో గుర్తించడంలోనే ప్రపంచమంతటా జాప్యం జరుగుతోంది.

పేరుతో వచ్చే తికమక

తెలుగునాట ఈ సమస్యకు వాడుకలో స్థిరపడిన పేరు ‘స్పాండిలైటిస్’. గ్రీకు భాషలో స్పాండిలోస్ అంటే వెన్నుపూస. దానికి ‘ఐటిస్’ చేరితే పూసల వాపు అని, ‘ఓసిస్’ చేరితే పూసల్లో వచ్చిన మార్పు అని అర్థం. వయసుతో వచ్చేది రెండోది. వాపుతో కూడిన స్పాండిలైటిస్ వేరే జబ్బు. అది రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల వస్తుంది, సాధారణంగా 45 ఏళ్ల లోపే మొదలవుతుంది, తెల్లవారేసరికి బిగుసుకుపోయిన నడుము లేచి తిరిగేకొద్దీ సడలుతుంది. దాని మందులు, దాని నిపుణులు కూడా వేరు. ఒక్క అక్షరం తేడాయే కదా అని వదిలేయడానికి లేదు.

సర్వైకల్ అనేది లాటిన్ మాట, మెడకు సంబంధించినదని అర్థం. గర్భాశయపు కింది భాగం కూడా మెడలా సన్నగా ఉంటుంది కాబట్టి దానికీ అదే పేరు పెట్టారు. సర్వైకల్ క్యాన్సర్‌కు మెడతో ఏ సంబంధమూ లేకపోవడం, సర్వైకల్ స్పాండిలోసిస్‌కు గర్భాశయంతో ఏ సంబంధమూ లేకపోవడం ఇందువల్లే. అనువాదం వృత్తిగా ఉన్నవారికి ఇది ఎప్పుడూ కాలికి తగిలే రాయి. తెలుగులోనూ మనకు ఇలాంటి చిక్కు ఒకటుంది: వెన్నెముక, వెన్నుపాము అన్న మాటలను చాలామంది ఒకదానికి మరొకటిగా వాడుతుంటారు. పూసల వరుస వెన్నెముక. ఆ పూసల మధ్య ఏర్పడిన గొట్టంలాంటి నాళంలో మెదడు నుంచి కిందికి దిగే నాడీ తంతువుల మోకు వెన్నుపాము. ఎముక అరగడం వేరు, పాము నలగడం వేరు. ఈ వ్యాసంలో చెప్పదలచిన విషయమంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

ఏడు పూసలు, ఆరు డిస్కులు

మనిషి మెడలో ఏడు పూసలుంటాయి. అంత పొడవు మెడ ఉన్న జిరాఫీకీ ఏడే. నాలుగున్నర నుంచి ఐదు కిలోల బరువుండే తలను ఇవి రోజంతా మోస్తూ, అన్ని దిక్కులకూ తిప్పుతాయి. మొదటి రెండు పూసల మధ్య డిస్క్ ఉండదు. తలను పక్కకు తిప్పే కదలికలో దాదాపు సగం అక్కడే జరుగుతుంది. రెండో పూస నుంచి కిందికి, ప్రతి రెండు పూసల నడుమా ఒక డిస్క్ ఉంటుంది. దాని మధ్యలో నీటితో నిండిన మెత్తని గుజ్జు, చుట్టూ పొరలు పొరలుగా అల్లుకున్న గట్టి వలయం ఉంటాయి. కుదుపును గుజ్జు పంచుకుంటుంది, వలయం దాన్ని పట్టి ఉంచుతుంది.

పెద్దవారి డిస్క్‌లోకి రక్తనాళాలు దాదాపుగా వెళ్లవు. పక్కనున్న ఎముక నుంచి ఊరి వచ్చే పోషకాలే దానికి ఆధారం. అందుకే శరీరంలో ముందుగా ముసలితనం వచ్చే భాగాల్లో డిస్క్ ఒకటి. ఇరవైల చివరికే గుజ్జులో నీటి పాలు తగ్గడం మొదలవుతుంది. క్రమేణా డిస్క్ ఎత్తు తగ్గి, పక్కలకు ఉబ్బుతుంది. పూసలు దగ్గరపడేసరికి భారం వెనుకనున్న చిన్న కీళ్ల మీద పడుతుంది. ఈ కదలికను అదుపు చేయడానికా అన్నట్టు పూసల అంచుల్లో ఎముక మొలకలు పెరుగుతాయి. పూసలను వెనుకవైపు కలిపి ఉంచే లిగమెంట్లు మందమై, నాళంలోకి ముడతలు పడతాయి. ఈ మార్పులన్నీ ఎక్కువగా కనిపించేది ఐదు, ఆరు పూసల మధ్య, ఆ తర్వాత ఆరు, ఏడు పూసల మధ్య. మెడ వంగడంలో ఎక్కువ పని జరిగేది అక్కడే.

ఇంత జరిగినా చాలామందికి ఏమీ కాకపోవడానికి కారణం నాళంలో ఉన్న ఖాళీ. ఆరోగ్యవంతుల మెడలో వెన్నునాళం ముందువెనుకల వెడల్పు దాదాపు 17 మిల్లీమీటర్లు, వెన్నుపాము మందం పది మిల్లీమీటర్ల లోపు. మిగిలిన జాగాయే రక్షణ. నాళం 13 మిల్లీమీటర్ల కంటే ఇరుకైతే ఆ రక్షణ పలచబడుతుంది. కొందరికి పుట్టుకతోనే నాళం ఇరుకు. వారిలో కొద్దిపాటి అరుగుదల కూడా చేటు చేస్తుంది. తల వెనక్కి వాల్చినప్పుడు నాళం మరింత కుంచించుకుపోతుంది. పైకప్పుకు రంగులేసేవారు, అటక మీది సామాను సర్దేవారు ఆ పని చేస్తుండగానే చేతుల్లో తిమ్మిర్లు వచ్చాయని చెప్పడం ఇందుకే.

నివేదికలో కనిపించేదంతా జబ్బు కాదు

1990లో అమెరికా పరిశోధకులు మెడ బాధ ఏమీ లేని 63 మందికి ఎంఆర్‌ఐ తీశారు. 40 ఏళ్లలోపు వారిలో నాలుగో వంతు మందికి, ఆ వయసు దాటినవారిలో దాదాపు 60 శాతం మందికి కనీసం ఒకచోట డిస్క్ క్షీణించడమో, సన్నబడటమో కనిపించింది. 2015లో జపాన్‌లో ఇంకా పెద్ద పరిశీలన వెలువడింది. ఏ లక్షణాలూ లేని 1,211 మందిని ఎంఆర్‌ఐతో పరీక్షించగా 87.6 శాతం మందిలో డిస్కులు ఉబ్బి ఉన్నాయి. ఇరవైల వయసువారిలోనూ నలుగురిలో దాదాపు ముగ్గురి పరిస్థితి అదే.

ఈ అంకెల అర్థం స్పష్టం. నొప్పి ఉన్న మనిషికి తీసిన ఎంఆర్‌ఐలో డిస్క్ ఉబ్బు కనిపించినంత మాత్రాన ఆ నొప్పికి అదే కారణమని తేల్చలేం. నొప్పి రాకముందు తీసినా ఆ చిత్రం అలాగే ఉండేదేమో. ‘డిస్క్ జారింది’, ‘పూసలు అరిగిపోయాయి’ అన్న మాటలు విన్న మనిషి తన మెడ పెంకుముక్కలా పెళుసైందని భావించి కదలడమే మానేస్తాడు. కదలని మెడ కండరాలు బలహీనపడతాయి, నొప్పి మరింత బిగుస్తుంది. నివేదిక చదివి చెప్పే తీరు కూడా చికిత్సలో భాగమేనని ఈ రంగంలోని వైద్యులు ఇప్పుడు గుర్తిస్తున్నారు. మామూలు మెడ నొప్పికి మొదటి వారాల్లోనే స్కానింగ్ అవసరం లేదన్న సలహా వెనుక ఉన్న ఆలోచన ఇదే. దాని ఖర్చు సంగతి సరేసరి.

2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 20 కోట్ల మంది మెడ నొప్పితో బాధపడ్డారని అంతర్జాతీయ అంచనా. అందులో పెద్ద భాగం కండరాలు, కీళ్లు బిగుసుకోవడం వల్ల వచ్చేది. కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొందరిలో మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. ఇబ్బంది పెడుతుంది కానీ, ప్రమాదం కాదు.

నరం నొక్కుకున్నప్పుడు

మెడ నుంచి ఎనిమిది జతల నరాలు బయటికి వస్తాయి. పూసల పక్కనున్న చిన్న కిటికీల్లాంటి రంధ్రాల గుండా సాగే ఈ నరాల వేళ్లను ఉబ్బిన డిస్కో, ఎముక మొలకో ఒత్తితే నొప్పి మెడలో ఆగదు. రెక్క మీదుగా చేతిలోకి కరెంటు పాకినట్టు దిగుతుంది. ఏ వేలు తిమ్మిరెక్కిందో చూసి ఏ నరం నలిగిందో చాలావరకు చెప్పవచ్చు. బొటనవేలైతే ఆరో నరం, నడిమి వేలైతే ఏడోది, చిటికెన వేలైతే ఎనిమిదోది. నొప్పి భరించలేక చేతిని ఎత్తి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉందని రోగి చెబితే, అదీ ఒక ఆనవాలే. ఆ భంగిమలో నరం మీది లాగుడు తగ్గుతుంది.

నొప్పి తీవ్రతను బట్టి చూస్తే ఇది భయపెట్టేదే. దీని గతి మాత్రం చాలామందిలో మంచిదే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్ పట్టణంలో 1976 నుంచి 1990 వరకు ఈ సమస్యతో వచ్చిన 561 మంది వివరాలను పరిశీలించిన అధ్యయనం నేటికీ ప్రామాణికం. దానికి నేతృత్వం వహించిన కురుపత్ రాధాకృష్ణన్ భారతీయ నాడీ వైద్యుడు. తర్వాతి కాలంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య సంస్థకు డైరెక్టర్‌గా పనిచేశారు. ఏటా లక్ష మందిలో సుమారు 83 మందికి ఈ బాధ వస్తున్నట్టు, 50 నుంచి 54 ఏళ్ల వయసులో ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. చివరిసారి పరిశీలించే నాటికి 90 శాతం మందికి బాధ పూర్తిగా పోవడమో, నామమాత్రంగా మిగలడమో జరిగింది. చెయ్యి బలం రోజురోజుకూ తగ్గుతున్నప్పుడు, నెలలు గడిచినా నొప్పి లొంగనప్పుడు శస్త్రచికిత్స ప్రస్తావన వస్తుంది.

వెన్నుపాము నలిగినప్పుడు

అరుగుదల వల్ల వెన్నుపాము మీదే ఒత్తిడి పడటాన్ని సర్వైకల్ మైలోపతి అంటారు. ప్రపంచవ్యాప్తంగా పెద్దవారిలో వెన్నుపాము పనితీరు దెబ్బతినడానికి అతి ముఖ్య కారణం ఇదే. ప్రమాదాలతో పోలిస్తే దీని పేరు మాత్రం తక్కువమందికి తెలుసు.

దీన్ని ఒక ప్రత్యేక సమస్యగా వైద్యలోకం గుర్తించి ఎంతో కాలం కాలేదు. 1952లో లండన్ నాడీ వైద్యుడు రసెల్ బ్రెయిన్, తన సహచరులు నార్త్‌ఫీల్డ్, విల్కిన్సన్‌లతో కలిసి మెడ పూసల అరుగుదల నాడీ వ్యవస్థను ఎలా దెబ్బతీస్తుందో సవివరంగా రాశారు. ఆ వ్యాసం అచ్చయిన పత్రిక పేరూ ‘బ్రెయిన్’ కావడం వైద్య విద్యార్థులు నేటికీ సరదాగా గుర్తుచేసుకునే సంగతి. అంతకుముందు ఇలాంటి రోగుల్లో చాలామందిని ఇతర నాడీ వ్యాధుల ఖాతాలో వేసేవారు.

దీని లక్షణాలు మెడలో మొదలు కాకపోవడమే అసలు ఇబ్బంది. చాలామందికి మెడ నొప్పి స్వల్పంగా ఉంటుంది, కొందరికి అసలే ఉండదు. ముందుగా తేడా వచ్చేది వేళ్ల నేర్పులో. గుండీలు పెట్టుకోవడం, తాళం తీయడం, నోట్లు లెక్కపెట్టడం, సూదిలో దారం ఎక్కించడం, చీర కుచ్చిళ్లు సవరించుకోవడం వంటి పనులు మొరాయిస్తాయి. బ్యాంకులో సంతకం కుదరదు. మన దగ్గర చేత్తో అన్నం కలుపుకునే అలవాటు వల్ల ఇంకో ఆనవాలు కూడా దొరుకుతుంది: ముద్ద వేళ్లలో నిలవదు, నోటి దాకా వచ్చేలోపు మెతుకులు రాలిపోతాయి. ఇవన్నీ రెండు చేతుల్లోనూ ఉండవచ్చు, నొప్పి లేకుండానే ఉండవచ్చు.

తర్వాత కాళ్లు. నడక బిర్రబిగుస్తుంది, అడుగులు ఎడంగా పడతాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవలసి వస్తుంది. చీకట్లో, కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలుతారు. పాదం కింద నేల ఉన్న స్పృహ తగ్గి, దూది మీద నడుస్తున్నట్టు ఉందంటారు. పట్టీ లేని హవాయి చెప్పు కాలి నుంచి జారిపోవడం మనవాళ్లు తరచూ చెప్పే మాట. అది తెలిసి జారుతోందా, తెలియకుండా జారుతోందా అని మన దేశపు నాడీ వైద్యులు గుచ్చి గుచ్చి అడుగుతారు. తెలిసి జారితే కండర బలం, తెలియకుండా జారితే స్పర్శ దెబ్బతిన్నట్టు. తల ముందుకు వంచగానే వెన్ను వెంబడి కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటం మరో లక్షణం. మూత్రం ఆపుకోలేకపోవడం, ఎంతసేపటికీ రాకపోవడం జబ్బు ముదిరిందనడానికి గుర్తు.

వైద్యుల వద్ద దీనికి తేలికైన పరీక్షలున్నాయి. జపాన్ వైద్యులు 1987లో వివరించిన పద్ధతిలో రోగిని పది సెకన్లపాటు వేగంగా పిడికిలి బిగించి విప్పమంటారు. ఆరోగ్యవంతులు ఇరవై సార్లు, అంతకు మించి చేయగలరు. మైలోపతి ఉన్నవారు చాలా తక్కువసార్లకే ఆగిపోతారు, వేళ్లు పూర్తిగా విచ్చుకోవు. ఒక పాదం మడమకు మరో పాదం వేళ్లు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమనడం ఇంకొకటి. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టినప్పుడు కాలు మరీ ఎక్కువగా ఎగరడం, నడిమి వేలి గోటిని మీటితే బొటనవేలు దానంతటదే వంగడం వెన్నుపాము ఒత్తిడిని సూచిస్తాయి. ఈ పరీక్షలకు పట్టే సమయం ఐదు నిమిషాలు. అయినా లక్షణాలు మొదలైనప్పటి నుంచి రోగ నిర్ధారణ అయ్యేదాకా సగటున రెండేళ్లకు పైగా పట్టిందని ఇజ్రాయెల్ వైద్యులు 2013లో ప్రచురించిన పరిశీలనలో తేలింది. ఆ రోగుల్లో చాలామందికి మొదట చెప్పిన జబ్బు మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం.

ఆ రెండేళ్లూ ఊరికే గడవవు. నలిగిన వెన్నుపాములో కొన్ని కణాలు ఒత్తిడి తొలగించినా కోలుకోవు. శస్త్రచికిత్స లేకుండా వదిలేసినవారిలో 20 నుంచి 60 శాతం మంది పరిస్థితి మూడు నుంచి ఆరేళ్లలో దిగజారుతుందని వివిధ అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్షలు చెబుతున్నాయి. ఆ దిగజారడం కూడా ఏకరీతిగా ఉండదు. కొన్నాళ్లు నిలకడగా ఉండి, ఉన్నట్టుండి ఒక మెట్టు కిందికి జారుతుంది.

నాళం ఇరుకైనవారికి మరో గండం కింద పడటం. స్నానాల గదిలో జారి గడ్డం నేలకు కొట్టుకుంటే మెడ ఒక్కసారిగా వెనక్కి విరుచుకుపడుతుంది. ఎముక విరగకపోయినా వెన్నుపాము మధ్యభాగం చితికి, కాళ్ల కంటే చేతులు ఎక్కువగా చచ్చుబడతాయి. అమెరికా వైద్యుడు రిచర్డ్ ష్నైడర్ 1954లో వర్ణించిన ఈ పరిస్థితి వృద్ధుల్లో ఎక్కువ. ‘ఎముక విరగలేదు కదా’ అని ఇంటికి తీసుకుపోతే విలువైన గంటలు పోతాయి.

మోసే తల, తాగే నీరు

వయసు అందరికీ ఒకటే అయినా అరుగుదల అందరికీ ఒకటి కాదు. కవలలపై బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో జరిపిన పరిశోధన 1999లో వెలువడింది. మెడ డిస్కుల క్షీణతలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు మూడొంతులు వంశపారంపర్యమేనని అది లెక్కగట్టింది. పొగతాగడం, పాత గాయాలు మిగతా కారణాల్లో ఉన్నాయి.

తలమీద బరువు మోసేవారి సంగతి ప్రత్యేకం. ఘనా రాజధాని అక్రాలో ఇలాంటి కూలీల మెడలకు ఎక్స్‌రే తీసి 1997లో ప్రచురించిన పరిశీలనలో పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి క్షీణత కనిపించింది. తలమీద బరువు మోయనివారిలో అది నాలుగో వంతు కంటే తక్కువ. మార్కెట్ యార్డుల్లో 50 కిలోల బస్తాలు మోసే హమాలీలు, ఇటుకలు, కంకర తట్టలు మోసే భవన నిర్మాణ కూలీలు, రైల్వే స్టేషన్లలో పెట్టెలు నెత్తికెత్తుకునే కూలీలు మన దేశంలో లక్షల్లో ఉన్నారు. మెడ గురించి రాసే వ్యాసాల్లో కంప్యూటర్ ఉద్యోగి ఎప్పుడూ ఉంటాడు, హమాలీ ఉండడు.

సెల్‌ఫోన్‌కు వస్తే, ప్రచారం ఎక్కువ, ఆధారం తక్కువ. తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందన్న లెక్క అందరికీ తెలిసిందే. అది 2014లో న్యూయార్క్ శస్త్రవైద్యుడొకరు కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా. రోగులను పరిశీలించి తేల్చినది కాదు. 2018లో బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్ల యువతను గమనించిన పరిశోధకులకు ఫోన్ చూసే భంగిమకూ మెడ నొప్పికీ సంబంధం కనిపించలేదు. గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే కండరాలు పట్టేస్తాయనడంలో సందేహం లేదు. పూసలు అరిగిపోతాయనడానికి మాత్రం గట్టి రుజువు లేదు.

తెలుగు నేలకు సంబంధించిన కారణం మరొకటి ఉంది. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల్లో తరతరాలుగా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ జనం ఎముకల్లోకి చేరింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉన్నట్టు 1937లోనే శాస్త్రీయంగా నమోదైంది. ఎముక మందమై, లిగమెంట్లు గట్టిపడి, వెన్నునాళం ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. మెడ దగ్గర ఈ ఒత్తిడి ఎక్కువ. ఇది వయసు అరుగుదల కాదు. అయితే కాళ్లు బిగుసుకుపోవడం, చేతులు పట్టు తప్పడం అచ్చం అలాగే ఉంటాయి, చిన్న వయసులోనే వస్తాయి. ఈ వ్యాధిలో నాడీ వ్యవస్థకు జరిగే నష్టంపై హైదరాబాద్ నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి చేసిన కృషిని అంతర్జాతీయంగా ఉదహరిస్తారు. నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే ఒక పద్ధతికి విదేశాల్లోనూ ‘నల్లగొండ’ పేరే నిలిచిపోయింది. ఆ ప్రాంతాల నుంచి వచ్చిన రోగిని చూసేటప్పుడు చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారన్న ప్రశ్న వేయకపోతే కథ సగమే తెలుస్తుంది.

తప్పు మెడది కానప్పుడు

కళ్లు తిరిగితే ‘స్పాండిలైటిస్ ఉందిలే’ అనుకోవడం మనలో బాగా నాటుకుపోయింది. కళ్లు తిరగడానికి చెవిలోపలి సమతుల్య అవయవం, రక్తపోటు, కొన్ని మందులు చాలా తరచుగా కారణమవుతాయి. మెడ అరుగుదల వల్ల తల తిరగడం అరుదు. పక్కకు ఒత్తిగిలినప్పుడు కొన్ని క్షణాలపాటు గది గిర్రున తిరిగితే అది సాధారణంగా చెవికి సంబంధించినది. వైద్యుడు తలను కొన్ని భంగిమల్లో తిప్పడంతోనే చాలామందికి నయమవుతుంది.

ఎడమ చేతిలోకి, దవడలోకి పాకే నొప్పి నడిచినప్పుడు పెరిగి ఆగితే తగ్గుతుంటే, చెమటలు పడుతుంటే గుండె పరీక్ష ముందు, మెడ ఎక్స్‌రే తర్వాత. పాత మెడ నొప్పి ఉన్నవారే ఇక్కడ ఎక్కువగా మోసపోతారు. రాత్రిపూట విడవని మెడ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉంటే మన దేశంలో పూసలకు సోకే క్షయను తప్పక అనుమానించాలి. చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం విటమిన్ బి12 లోపంలోనూ ఉంటాయి. పూర్తి శాకాహారుల్లో ఈ లోపం ఎక్కువ, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నా అరికాళ్లు మొద్దుబారతాయి. ఒకే మనిషిలో మధుమేహం, మెడ అరుగుదల రెండూ ఉండటం మామూలే కాబట్టి, తిమ్మిరిని మధుమేహం ఖాతాలో వేసి వదిలేసే ముందు వేళ్ల నేర్పునూ నడకనూ ఒకసారి చూడవలసిందే.

చికిత్స

మెడ నొప్పి ఒక్కటే ఉన్నవారికి, నరం నొక్కుకున్న చాలామందికి చికిత్స నిరాడంబరమైనది. కొద్దిరోజులు నొప్పి తగ్గించే మందులు, వేడి కాపడం, ఫిజియోథెరపిస్టు నేర్పే మెడ, భుజాల వ్యాయామాలు, పనిలో మధ్యమధ్య విరామం. నొప్పి మాత్రలను దుకాణంలో కొని నెలల తరబడి మింగితే మూత్రపిండాలకు, కడుపుకు ముప్పు. మెడ పట్టీ కొద్దిరోజుల ఊరట కోసమే. వారాల కొద్దీ కట్టుకుంటే కండరాలు సోమరిపోతాయి. తలగడ పూర్తిగా తీసేయాలన్న నియమమేమీ లేదు. తల వీపుతో సమానంగా ఉండేలా ఒక మోస్తరు తలగడ చాలు.

సెలూన్లలో క్షవరం తర్వాత మెడను పట్టి విసురుగా తిప్పి మెటికలు విరిపించుకునే అలవాటు మానుకోవలసినది. మెడ పూసల్లోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. వెన్నునాళం ఇరుకని తేలినవారు శీర్షాసనం, సర్వాంగాసనం జోలికి పోకపోవడం మంచిది. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు వైద్యుడికి ఈ సంగతి ముందే చెప్పాలి. శ్వాసగొట్టం అమర్చేటప్పుడు తలను ఎంత వెనక్కి వంచవచ్చో ఆయన చూసుకుంటారు.

మైలోపతి సంగతి వేరు. 2017లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మధ్యస్థ, తీవ్ర దశల్లో శస్త్రచికిత్సే సరైన మార్గం. స్వల్ప దశలో శస్త్రచికిత్స చేయవచ్చు, లేదా నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామ చికిత్స ప్రయత్నించి, తగ్గకపోయినా పెరిగినా శస్త్రచికిత్సకు వెళ్లవచ్చు. దశను నిర్ణయించడానికి చేతులు, కాళ్లు, స్పర్శ, మూత్ర నియంత్రణలకు కలిపి 18 పాయింట్ల కొలమానం వాడతారు. చెంచాతో తినగలరా, గుండీ పెట్టుకోగలరా, ఊతం లేకుండా మెట్లెక్కగలరా వంటి ప్రశ్నలే అందులో ఉంటాయి.

మెడ ముందువైపు నుంచి డిస్క్ తీసి పూసలను కలిపే పద్ధతిని 1958లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా ప్రచురించాయి. అది నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. చాలాచోట్ల ఒత్తిడి ఉంటే వెనుకనుంచి నాళాన్ని వెడల్పు చేస్తారు. తలుపు తెరిచినట్టు పూస వెనుక కప్పును తెరిచి నిలిపే విధానం జపాన్‌లో రూపొందింది. గొంతు బొంగురు పోవడం, మింగడంలో ఇబ్బంది కొన్నాళ్లు ఉండవచ్చు. కొద్దిమందిలో భుజం ఎత్తలేకపోవడం కనిపించి, చాలావరకు నెలల్లో సర్దుకుంటుంది. మెడకు కత్తి పెడితే కాళ్లు పడిపోతాయన్న భయంతో ఆపరేషన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేసేవారున్నారు. కాళ్లు పడిపోవడానికి ఎక్కువ అవకాశం ఆ వాయిదాలోనే ఉంది.

శస్త్రచికిత్స మొదటి లక్ష్యం జబ్బు ముందుకు పోకుండా ఆపడం. ఒత్తిడి మొదలై ఆరు నెలలైనవారు కోలుకున్నంతగా రెండేళ్లు దాటినవారు కోలుకోలేరు. మెరుగుదల చాలావరకు తొలి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు వస్తుంది. గుండీ పెట్టుకోవడం, సంతకం కుదరడం, ముద్ద నోటి దాకా నిలవడం వంటివి అందులో ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి.